గంధరాజ నిర్యాణం

ఆ మొక్క ఇనుము కోసం మొహం వాచి చచ్చిపోయింది. దాని వేళ్ళు అల్లుకున్నదేమో ఎర్రమట్టిలో. తెలంగాణ చెల్కల ఎరుపంతా ఇనుమే. రాతిలోని ఇనుము గాలి తగిలి తుప్పుగా మారి, రేణువు రేణువుకూ పట్టుకున్న రంగు అది. 14 అంగుళాల కుండీలోని మట్టిని తూచి లెక్కగడితే, ఒక గంధరాజం తన జన్మలో ఖర్చు చేయలేనంత ఇనుము తేలుతుంది. అంత ఇనుము మధ్యన అది మూడో వేసవి దాటలేకపోయింది. ఆకు తెల్లబడింది, చిగురు మాడింది, చివరికి కర్రయి నిలబడింది. కరువులో పోయినవాళ్ళ కోసం ఏడవడానికి మాటలుంటాయి. గాదె నిండా ధాన్యం పెట్టుకుని, దాని తాళం పడిపోయి, ఆకలితో పోయినవాళ్ళ గురించి ఏమని ఏడవాలి?

మొక్క మా మేనత్తది. గోదావరి జిల్లాలో ఇల్లు అద్దెకిచ్చి, కొడుకు దగ్గర ఉండటానికి కూకట్‌పల్లి వచ్చింది. నాలుగో అంతస్తు. వస్తూ వస్తూ తెచ్చుకున్న వాటిలో ఊరగాయ జాడీల తర్వాత ఆమె గట్టిగా పట్టుకున్నది ఈ మొక్కనే.

రాజు పేరు మోసిన మొక్క కాబట్టి వంశం సంగతి కొంచెం చెప్పాలి. గంధరాజం పుట్టిల్లు చైనా వైపు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో దిగినప్పుడు, ఆఫ్రికా దక్షిణపు కొస మీదుగా వచ్చిన ఓడ దించింది కనుక కేప్ మల్లె అన్నారు. అది మల్లె కాదు, కేప్‌దీ కాదు. జాన్ ఎల్లిస్ అనే లండన్ వర్తకుడు పట్టుబట్టి దానికి గార్డెనియా అని పేరు పెట్టించాడు. అమెరికాలోని చార్లెస్టన్‌లో వైద్యం చేసుకుంటున్న అలెగ్జాండర్ గార్డెన్ అనే స్కాట్లండు మిత్రుడి మీద గౌరవంతో పెట్టిన పేరది. ఆ వైద్యుడు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండు రాజు పక్షాన నిలిచాడు. ఓడిపోయిన పక్షం. 1782లో ఆస్తి జప్తయింది. లండన్ చేరి 1791లో అక్కడే కన్నుమూశాడు. నాటుకున్న నేల తనకు పడకుండా పోయిన మనిషి పేరు ఈ మొక్క మీద ఎందుకు పడిందో గానీ, తెలిశాక మాత్రం మర్చిపోవడం కష్టం.

ఈ జాతిలో మన దేశపు దాయాదులు కూడా ఉన్నాయి. దక్కను గుట్టల మీద బండల సందుల్లో బిక్కి చెట్లుంటాయి. మొగ్గల కొసన జిగురు కారుస్తూ, ఎవరూ నీళ్ళు పోయకపోయినా తెల్లగా పూస్తాయి. వాటికి ఈ రాయి తెలుసు, ఈ నీరు తెలుసు. చైనా వారసుడికి తెలియదు.

అత్తయ్య మొక్క పుట్టింది కడియంలో. కడియపులంక నర్సరీల్లో తల్లి మొక్క నుంచి కోసిన కొమ్మను వేళ్ళు పట్టించి, నల్ల కవర్లోకి మార్చి, పచ్చటి నెట్ కింద పెంచుతారు. కవర్లో గోదావరి ఒండ్రు, మాగిన పశువుల ఎరువు. పోసేది కాలువ నీళ్ళు. "ఆయ్, గంధరాజవండి, మీరేం చెయ్యక్కర్లేదండి, అదే పూసేత్తాది" అన్నాడట నర్సరీ కుర్రాడు. అతను అబద్ధం చెప్పలేదు. అక్కడ అది నిజంగానే ఏమీ చెయ్యకుండా పూస్తుంది.

మొదటి ఏడు హైదరాబాదులో కూడా పూసింది. కుండీని మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడ పడే చోట పెట్టారు. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ. జూన్‌లో వాన పడింది. గంధరాజం ఆకు బాగున్నప్పుడు ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. పువ్వు తెల్లగా విచ్చుకుని, రెండో రోజుకు వెన్న రంగుకు, మూడో రోజుకు పసుపుకు తిరుగుతుంది. పువ్వు పసుపెక్కితే దాని వయసు, అంతే. దిగులు పడవలసింది ఆకు పసుపెక్కినప్పుడు. ఆ ఏడాది సాయంత్రం లిఫ్టు మూడో అంతస్తు దాటేసరికే వాసన తగిలేదని బావ ఇప్పటికీ చెబుతాడు.

రెండో ఏడు శ్లాబు కారుతోందని అపార్ట్‌మెంట్ సంఘం తీర్మానం చేసింది. మిద్దె మీద కుండీలు ఉండకూడదు. పతనం ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఈ తీర్మానాన్నే చూపిస్తాను. సంఘం తప్పేమీ లేదు. శ్లాబు నిజంగానే కారుతోంది. కుండీ బాల్కనీలోకి దిగింది. తూర్పు బాల్కనీయే, ఎండకు లోటు లేదు. పైన ఇంకో అంతస్తు బాల్కనీ కప్పు ఉంది. అంటే, ఇక వాన లేదు.

వాన పోవడం అంటే ఏం పోవడమో ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ తట్టలేదు. వాన నీళ్ళు స్వతహాగా కొంచెం పులుపు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడంతో వాటి ఉదజని సూచిక 5.6 దగ్గర ఉంటుంది. మనవాళ్ళు ఇప్పుడు పీహెచ్ అనే అంటున్నారు, నేనూ అలాగే అంటాను. 7 అయితే అటూ ఇటూ కాని మధ్యరకం. దిగువన పులుపు, ఎగువన క్షారం. గంధరాజానికి 5 నుంచి 6 మధ్య హాయి. ప్రతి జడివానా కుండీలో దిగి, అంతకు ముందు వారాల్లో పేరుకున్న సున్నాన్ని అడుగు కన్నం గుండా కడిగి పంపేసేది. మిద్దె మీద మొక్క బతికింది మనుషులు పోసిన నీళ్ళతో కాదు. ఆ నీళ్ళు చేసిన చెరుపును వాన సరిదిద్దుతూ వచ్చింది, అందుకని.

మనుషులు పోసిన నీళ్ళ సంగతికి వద్దాం. హైదరాబాదులో చాలా ఇళ్ళకు రెండు రకాల నీళ్ళు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లతో మొదలై, మంజీర, సింగూరు, కృష్ణ దాకా వెళ్ళి, 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి కూడా కలిసిన కుళాయి నీళ్ళు ఒకటి. ఏ నది నుంచి వచ్చినా వాటిని మంజీర నీళ్ళనే అంటారు. రెండోది బోరు. నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. వందల అడుగుల లోతున ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నానిన నీరు, రాతిలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ బైకార్బొనేట్ల రూపంలో వెంటబెట్టుకుని పైకి వస్తుంది. గీజరు రాడ్డు మీద కట్టే తెల్లటి పెంకు అదే. సబ్బు నురగను విరగ్గొట్టేది అదే.

ఈ సంగతి అత్తయ్యకు తెలియదనుకోకండి, బాగా తెలుసు. బోరు నీళ్ళలో కందిపప్పు ఎన్ని విజిళ్ళకూ మెదగదని మొదటి వారంలోనే కనిపెట్టింది. రోజు విడిచి రోజు వచ్చే మంజీర నీళ్ళను బిందెలకు పట్టి పప్పుకు, కాఫీకి దాచుకునేది. కుండీలకు బోరు. గోదావరి ఒడ్డున పుట్టిన మొక్క నాలుగు గోడల అవతల ఉండగా, గోదావరి కలిసిన నీళ్ళు వంటింట్లో పప్పును మెత్తగా ఉడికించాయి. అత్తయ్య అన్యాయం చేసిందనడం లేదు. పప్పు మెదగకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. మొక్క ఎదగకపోవడం తెలిసేసరికి ఏడాది పడుతుంది.

పైగా బావకు నీటి పొదుపు పట్టుకుంది. ఆర్‌వో ఫిల్టరును ట్యాంకు నీళ్ళకు తగిలించి, అది పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్ళు వృథా కాకుండా బకెట్‌కు పట్టి మొక్కలకు పోయమన్నాడు. చూడటానికి ఎంతో పద్ధతైన పని. ఫిల్టరు మంచి నీటిని లోపలికి పంపి, ఉప్పులన్నిటినీ బయటి నీటిలోకి నెడుతుంది కదా. వదిలేసిన నీళ్ళంటే చిక్కబడిన బోరు నీళ్ళు. తులసికీ, కాగితం పూలకూ ఏమీ కాలేదు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

చిన్న లెక్క. తాగునీటికి క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోతే మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మధ్యన 300 అనుకుందాం. రోజుకు 2 లీటర్ల చొప్పున ఏడాదిలో 250 రోజులు పోస్తే, కుండీలోకి దిగేది సున్నపురాయి లెక్కన 150 గ్రాములు. నీటిని ఆకు తాగేస్తుంది, ఎండ తాగేస్తుంది. సున్నాన్ని ఎవరూ తాగరు. నేలలో ఉన్న చెట్టుకైతే అది ఎటో దిగిపోతుంది, వేళ్ళు ఇంకో వైపు వెళ్ళి బతుకుతాయి. కుండీలో వేరుకు ఇంకో వైపు లేదు.

రోగం బయటపడింది డిసెంబరులో. మొదట లేత చిగుళ్ళు కొంచెం పాలిపోయాయి. చలికి అనుకున్నారు. సంక్రాంతి నాటికి కొత్తాకు నిమ్మపండు రంగులో వచ్చింది. దాని మీద ఈనెలు మాత్రం, నడి ఈనె నుంచి సన్నని పిల్ల ఈనెల దాకా, పచ్చటి వల పరిచినట్టు స్పష్టంగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే చూడటానికి అందంగానే ఉంటుంది. ఎదురింటావిడ అది ఏదో కొత్త రకం రంగాకు మొక్క అనుకుని కొమ్మ అడిగిందట.

ఆ ఆకు అప్పటికే తన జబ్బు పేరు చెప్పేస్తోంది. చదివేవాళ్ళు లేరు. పసుపాకు ఒక్కటే రోగం కాదు. ఏ ఆకు పసుపైంది, ఆకులో ఏ భాగం పసుపైంది, ఈ రెండూ చూడకుండా మందు చెప్పేవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. నత్రజని తగ్గితే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి పిల్లాకులకు పెడుతుంది. అందుకే కింది ఆకులు మొత్తంగా పాలిపోతాయి, చిగురు పచ్చగానే ఉంటుంది. మెగ్నీషియం తగ్గినా కింది ఆకులే పోతాయి గానీ, ఈనెల పక్కన పచ్చదనం మిగిలి మధ్యలో పసుపు తిరుగుతుంది. పొటాష్ అయితే ముదురాకుల అంచులు కాలినట్టవుతాయి. గంధకం తక్కువైతే లేతాకు ఈనెలతో సహా వెలిసిపోతుంది. ఆకు వెనక ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలుంటే ఎర్రనల్లి పని. మట్టి తడిగా ఉండగానే ఆకు పసుపై వాలిపోయి, వేరు దగ్గర కుళ్ళు వాసన వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇక ఇనుము. దాన్ని ఒకసారి ఒక ఆకులో కట్టేశాక మొక్క మళ్ళీ విప్పి ఇంకో ఆకుకు పెద్దగా పంపలేదు. కాబట్టి ముసలాకు సుఖంగా ఉంటుంది, పుట్టిన పిల్లాకే ఆకలితో పుడుతుంది. ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా. జబ్బు ముదిరితే పసుపు కూడా పోయి ఆకు కాగితంలా తెల్లబడుతుంది.

ఇన్ని సంగతులు ఆకు మీద రాసి ఉండగా, ఇంటికి వచ్చినవాళ్ళందరూ తలొక మందు చెప్పారు. అన్నీ ప్రేమతో చెప్పినవే.

"పిన్నిగారూ, బలం లేదండీ దానికి. గుడ్డు పెంకులు నలిపి వెయ్యండి, మా గులాబీలు చూశారుగా" అంది ఎదురింటావిడ. గుడ్డు పెంకు అంటే సున్నపురాయి. సున్నంతో చస్తున్న మొక్కకు పిడికెడు సున్నం పడింది. అది నెమ్మదిగా కరిగే సరుకు కనుక చేసిన హాని తక్కువే. పనమ్మాయి, "అమ్మా, మా ఊర్ల పొయ్యి బూడిద ఏస్తరు, పురుగు కూడా రాదు" అని చెప్పి ఊరి నుంచి సంచీలో తెచ్చిచ్చింది. కట్టెల బూడిద చురుకైన క్షారం. పులుపు నేలకు అమృతం, ఈ కుండీకి ఒక మెట్టు కిందికి. నాలుగు రోడ్ల కూడలిలో మొక్కలమ్మే అతను డీఏపీ గుళికలిచ్చాడు. భాస్వరం ఎక్కువైతే ఇనుమును ఇంకాస్త బిగించేస్తుంది. బావ ఫోనులో చూసి "అమ్మా, నీళ్ళు సరిపోవట్లేదేమో" అని రెండు పూటలా పోయడం మొదలుపెట్టాడు, ఆ బకెట్‌లోంచే. నీరు నిలిచి గాలి ఆడని మట్టిలో బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక కరిగి బైకార్బొనేట్ పెరుగుతుంది. రోగాన్ని పెంచడానికి ఇంతకన్నా నేర్పుగా ఎవరూ ప్రయత్నించలేరు.

నిర్లక్ష్యంతో పోయిన మొక్కలు నగరంలో వేలు. ఈ మొక్కను చుట్టూ చేరి చూసుకున్నారు. ఊరు వెళ్ళి రెండు నెలలు తాళం వేసి, పైవాళ్ళ బాల్కనీ గొట్టం పగిలి వాన నీళ్ళు దాని మీద పడి ఉంటే బహుశా బతికేది.

మట్టి లోపల ఏం జరుగుతోందో చెబితేనే ఈ చావు అర్థమవుతుంది. తుప్పు రూపంలోని ఇనుము నీటిలో కరగదు. గంధరాజం లాంటి మొక్కల వేళ్ళు అందుకు ఒక ఉపాయం పెట్టుకున్నాయి. వేరు కొసన పులుపును ఊరుస్తాయి. ఆ పులుపులో కాస్త కరిగిన ఇనుమును వేరు పైపొర మీదే రూపం మార్చి లోపలికి లాక్కుంటాయి. చుట్టూ బైకార్బొనేట్ ఉంటే అది వేరు ఊర్చిన పులుపును ఊర్చినట్టే తాగేస్తుంది. వేరు మళ్ళీ ఊరుస్తుంది, మళ్ళీ ఖర్చయిపోతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగి ఉండే ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. 5.5 నుంచి 7.5కు వెళితే పది లక్షలో వంతు. సున్నం పేరుకున్న మట్టి అక్కడితో ఆగదు, 8 దాటి 8.2 దగ్గర తిష్ఠ వేస్తుంది. ఈ అంకెల కొలబద్దను 1909లో కోపెన్‌హేగన్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్‌సెన్ తయారుచేశాడు. అంకెకు అంకెకు మధ్య పది రెట్ల తేడా ఉండటం దాని కిటుకు. 6కూ 8కీ మధ్య రెండే కదా అనుకునేవాళ్ళు ఎన్ని మొక్కలను పోగొట్టుకున్నారో.

ఇంకో వింత. ఆకుకు రంగునిచ్చే పత్రహరితంలో ఇనుము పరమాణువు ఒక్కటీ ఉండదు. దాని నడిమధ్య కూర్చునేది మెగ్నీషియం. విల్‌స్టేటర్ పత్రహరితం గుట్టు విప్పినందుకు 1915లో నోబెల్ అందుకున్నాడు. కానీ ఆ పత్రహరితం తయారయ్యే దారిలో ఇనుము లేకపోతే పని సాగదు. పని ముగిశాక కనిపించనివాడి కోసం ఆకంతా తెల్లబడుతుంది. ఇంతకన్నా బాధ కలిగించేది మరొకటుంది. సున్నపు నేలల్లో పసుపెక్కిన ఆకులను కాల్చి పరీక్షిస్తే, చాలాసార్లు పచ్చటి ఆకులో ఉన్నంత ఇనుము వాటిలోనూ ఉంటుంది. ఆకు దాకా చేరి కూడా పనికిరాని చోట ఇరుక్కుపోతుందన్నమాట. కుండీలోనే కాదు, ఆకులో కూడా అన్నం ముందు పెట్టుకుని పస్తు.

మనిషికి ఈ రోగం కొత్తది కాదు. ఫ్రాన్సులో యూసెబ్ గ్రిస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1840లలోనే, పాలిపోయిన తీగల ఆకుల మీద ఇనుప లవణం రాస్తే రాసిన చోట పచ్చబడటం గమనించాడు. అయినా ఆ దేశమే తర్వాత దెబ్బతింది. ఫిలోక్సెరా అనే వేరు పురుగు ద్రాక్ష తోటలను తుడిచిపెడితే, పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ళ మీద ఫ్రెంచి ద్రాక్షను అంటుగట్టి గట్టెక్కామనుకున్నారు. సుద్దనేలలున్న ప్రాంతాల్లో ఆ కొత్త వేళ్ళు ఇనుమును అందుకోలేకపోయాయి. పురుగు నుంచి తప్పించుకున్న తోటలు ఎకరాలకు ఎకరాలు పసుపెక్కాయి. చివరికి 1887లో పియేర్ వియాలా అనే ఆచార్యుణ్ణి అమెరికా పంపారు. టెక్సాస్‌లో మన్సన్ అనే ద్రాక్ష పండితుడి సాయంతో, అక్కడి సున్నపు గుట్టల మీద హాయిగా పాకే అడవి ద్రాక్షను కనుక్కుని, దాని సంకరాల వేళ్ళ మీద తోటలను నిలబెట్టారు. మన బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టించడంలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. ఫ్లోరిడాలో గంధరాజాన్ని కూడా ఆఫ్రికా గార్డెనియా వేరు మీద అంటుకట్టి అమ్ముతారు. అత్తయ్యది కొమ్మ నాటిన మొక్క, సొంత వేళ్ళదే.

ఫిబ్రవరి చివర పక్క బ్లాకులో ఉంటున్న ఒక పెద్దాయన వచ్చాడు. గుంటూరు వైపు వ్యవసాయ శాఖలో చేసి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన ఆకును ఒకసారి చూసి వదిలేసి, బకెట్‌ను చూశాడు. బకెట్ లోపలి అంచున వేలెడు వెడల్పు తెల్లటి చారిక. కుండీ అంచునా అదే.

"చెల్లెమ్మా, దీనికి ఏ నీళ్ళు పోస్తున్నారు?"

"ఫిల్టరు నీళ్ళే అన్నయ్యగారూ, అది వదిలేసినవి."

ఆయన మట్టి కొంచెం ఎండనిచ్చి, వంటింట్లోంచి వెనిగరు తెప్పించి దాని మీద పోశాడు. మట్టి బుసబుసా పొంగింది. "వరి మెట్ట నారుమళ్ళలో, వేరుశనగలో, చెరకు కార్శి తోటల్లో చూసిందే ఇది. అన్నభేది తెప్పించండి" అన్నాడు.

అన్నభేది అంటే ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేటు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేశారు. వారం తిరిగేసరికి అద్భుతం జరిగింది. మందు చుక్క పడిన చోటల్లా పచ్చటి మచ్చ. ఇంకోసారి కొట్టాక మచ్చలు కలిసిపోయాయి. మార్చిలో రెండు మొగ్గలు కూడా వేసింది. అత్తయ్య మా అందరికీ ఫోను చేసి చెప్పింది.

విషాద గాథల్లో ఈ ఘట్టం తప్పకుండా ఉంటుంది కాబట్టి నమ్మబుద్ధి కాదు గానీ, ఇనుము లోపంలో ఇది మామూలే. పిచికారీ ఆ రోజున్న ఆకును పచ్చగా చేస్తుంది. రేపు పుట్టబోయే ఆకుకు దానితో సంబంధం లేదు. కింద మట్టి అదే, పీహెచ్ అదే. అన్నభేదిని మట్టిలో కూడా పోశారు. ఆ మట్టిలో పడిన ఇనుము కొద్ది రోజుల్లోనే తుప్పయి, ఉన్న ఎరుపులో కలిసిపోతుంది. అక్కడ నిలబడే ఇనుము వేరే ఉంది. ఎరువుల దుకాణంలో దొరికే ఈడీటీఏ చీలేటు 6.5 దాటితే పట్టు వదిలేస్తుంది. ఈడీడీహెచ్‌ఏ రకం 9 దాకా ఇనుమును విడవదు. కూడలి దుకాణంలో దొరికింది మొదటిదే.

గంధకం పొడి వేద్దామని కూడా అనుకున్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు గంధకాన్ని నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయి, పీహెచ్ దిగుతుంది. కానీ ముందు ఆ ఆమ్లం పేరుకున్న సున్నాన్ని తినాలి. పైన వేసిన లెక్క ప్రకారం ఒక్క ఏడాది సున్నానికే దాదాపు 50 గ్రాముల గంధకం కావాలి, నెలల తరబడి ఆగాలి. అంత గంధకం ఒకేసారి ఆ చిన్న కుండీలో పడితే తేలే లవణాలకే వేళ్ళు మాడతాయి. పెద్దాయన వద్దన్నాడు. మట్టంతా విదిలించి, కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు కలిపిన కొత్త మట్టిలోకి మార్చి, మంజీర నీళ్ళు గానీ, లీటరుకు అర గ్రాము లోపు నిమ్మ ఉప్పు కలిపిన బోరు నీళ్ళు గానీ పోయమన్నాడు. మాట సరైనది, నెల సరైనది కాదు. ఏప్రిల్ ఎండలో వేళ్ళు కదిలిస్తే ఆరోగ్యంగా ఉన్న గంధరాజమే మొగ్గ రాలుస్తుంది. వానలు పడ్డాక మార్చుదాం అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు.

అప్పటిదాకా మంజీర నీళ్ళే పోద్దామని అత్తయ్య మొదలుపెట్టింది కూడా. ఆ ఏప్రిల్‌లో కుళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి వచ్చాయి, బిందెలు వంటకే చాలలేదు. మళ్ళీ బకెట్ వచ్చింది. ఇక్కడొక సంగతి రాయకుండా ఉండలేను. అదే బాల్కనీలో, కుండీకి మూరెడు దూరంలో, ఏసీ గొట్టం రాత్రంతా కారుతూ ఉండేది. గాలిలోని తేమ చల్లబడి కారే ఆ నీళ్ళలో సున్నం దాదాపు ఉండదు. వేసవి రాత్రుల్లో ఆ ఒక్క మొక్కకు సరిపడా వచ్చేవి. గచ్చు పాడవుతోందని బావ గొట్టాన్ని పొడిగించి వీధి వైపు వదిలాడు.

మే నెలలో కొత్తాకులు పసుపు కూడా లేకుండా, పాలరంగులో వచ్చాయి. పత్రహరితం లేని ఆకు ఎండను వాడుకోలేదు, తట్టుకోనూ లేదు. అంచుల నుంచి మాడుతూ వచ్చి రాలిపోయాయి. మొగ్గలు విచ్చకుండానే నల్లబడి ఊడాయి. కింది ముసలాకులు మాత్రం చివరిదాకా పచ్చగా ఉన్నాయి. మొదటి ఏటి వానల్లో తిన్న ఇనుము వాటి దగ్గర ఇంకా ఉంది, పంచిపెట్టే దారి లేదు. తర్వాత అవీ వడలాయి. ఆకుల అన్నం అందక సన్నవేళ్ళు చచ్చాయి, వేళ్ళు చచ్చాక నీళ్ళు పోస్తున్నా దాహమే. కొమ్మ గీరి చూస్తే ఆకుపచ్చ లేదు.

వానలు పడ్డాక కుండీ బోర్లించారు. వేరుబంతి చుట్టూ, కుండీ గోడను ఆనుకుని, తెల్లటి పెళుసు పెంకు. లోపల మట్టి ఎర్రగానే ఉంది. బావ అపార్ట్‌మెంట్ సంఘాన్ని తిట్టాడు. ఎదురింటావిడ ఈసారి ఎండలు మామూలువి కాదంది. అత్తయ్య తన హస్తవాసి మంచిది కాదంది. పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు, ఆ నీళ్ళకు ఆ మొక్క కాదన్నాడు.

మట్టి పారబోస్తామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. పెద్దాయన్ని అడిగి అదే మట్టిలో దానిమ్మ అంటు పెట్టింది. దానిమ్మ సున్నానికి జంకదు. దానికి బోరు నీళ్ళే పోస్తున్నారు.